జెల్సొమీనో మీద నింద

మెట్ల మీద బరువైన బూట్ల చప్పుడు వినగానే చెల్సో మాస్టారు కాఫీ గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టారు. భయంతో వచ్చేవాళ్ల నడక ఆయనకు అలవాటైపోయింది. మొదటి మెట్లు గబగబా ఎక్కుతారు, చివరి మెట్టు దగ్గర ఆగిపోతారు.

ఆ వచ్చినామె కూడా ఆగింది. తలుపు తనే తీసి, "లోపలికి రామ్మా, కాఫీ వేడిగా ఉంది" అన్నారాయన.

మొండోవీలో మిఠాయి కొట్టు మీది అంతస్తులో ఉంది డెల్ఫినా రొవేరా డిటెక్టివ్ ఆఫీసు. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, భార్య పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, చెల్సో మాస్టారు ఆమె దగ్గర సహాయకుడిగా చేరారు. వయసులో ఆమె ఆయన కూతురంత. తెలివిలో మాత్రం తాను ఆమె ముందు పలక పట్టుకున్న పిల్లాణ్నని ఆయన గట్టి నమ్మకం.

వచ్చినామెకు ముప్పై ఏళ్లుంటాయి. కోటు భుజం మీద గడ్డిపరక. పేరు ఇరేనే గిబావుదో. కర్రూ వైపు చిన్న పశువుల కొట్టం నడుపుతోంది.

"నా ఆబోతును శనివారం కబేళాకు పంపుతున్నారండీ. అది ఏ తప్పూ చెయ్యలేదు" అంది.

డెల్ఫినా నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూసి ఇరేనే భుజాలు కాస్త కిందికి దిగాయి. మాస్టారి కంట అది పడింది.

"దాని మీద నేరం ఏమిటి?"

"హత్యేనండీ."

ఆ ప్రాంతపు తెల్లజాతి పశువులకు తొడలూ పిరుదులూ కండతో ఉబ్బి ఉంటాయి. మాంసానికి అది వరం, ఈతకు శాపం. కడుపులో దూడకు కూడా అదే కండ. తొలిచూలు పెయ్య ఈనుతోందంటే ఇంటిల్లిపాదీ కొట్టంలో నిలబడి దేవుణ్ణి తలుచుకోవాల్సిందే. అందుకే సులువుగా ఈనే దూడల్నిచ్చే ఆబోతు అంటే అక్కడివాళ్లకు బంగారం.

"కానీ చిన్నగా పుట్టే దూడ చిన్నగానే పెరుగుతుందండీ" అంది ఇరేనే. "పుట్టుక బరువూ ఆ తర్వాతి ఎదుగుదలా ఒకే తాడుకు కట్టిన రెండు దూడల్లాంటివి. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. మా నాన్న ముప్పై ఏళ్లు వెతికాడు ఆ తాడు తెంచే ఆబోతు కోసం. ఆయన పోయిన ఏడాది పుట్టాడు జెల్సొమీనో. వాడి దూడలు చేప జారినట్టు జారి పడతాయి. పాలు మానే వేళకు అందరి దూడల్నీ మించిపోతాయి."

"మరి నేరం?"

"ఒరెస్తే బాబాయ్ కొట్టంలో మూడు తొలిచూలు పెయ్యలకు దూడలు రాక్షసుల్లా వచ్చాయి. రెండు దూడలు చచ్చాయి. వియోలా అనే పెయ్య కూడా చచ్చిపోయింది. బాబాయ్ మా పశుపోషకుల సంఘానికి అధ్యక్షుడు. ఆబోతు సగం నాది, సగం సంఘానిది. వాణ్ణీ, వాడి మగ దూడల్నీ ఒకే లారీలో పంపేస్తారట, వంశం మిగలకూడదని."

"నీకెవరి మీద అనుమానం?"

ఇరేనే గొంతు తగ్గించింది. "పశువులకు చూలు సూదులేసే సిల్వియో మీద. వేరే ఆబోతు విత్తు గొట్టాలు వేసి, మావాడి పేరు చెప్పాడేమో."

డెల్ఫినా లేచి కోటు అందుకుంది. "మాస్టారూ, కారు తాళాలు. నువ్వు కాఫీ తాగి రామ్మా. శనివారం దాకా నీ ఆబోతు బతికే ఉంటాడు. ఆ తర్వాత కూడా బతకాలంటే మనం తొందరపడాలి."

*

ఒరెస్తే విల్యోనే చేతికర్రతో కొట్టం గుమ్మంలోనే ఎదురయ్యాడు. డెబ్బై ఏళ్ల మనిషి, కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు.

"డిటెక్టివా!" అన్నాడు. "ఆబోతు వేలిముద్రలు తీసుకుంటారా ఏంటి?"

"గిట్టలకు వేళ్లుండవు కాబట్టి మీ నోటిమాటే తీసుకుంటాను" అంది డెల్ఫినా. "ఎన్ని పెయ్యలకు సూది వేయించారు?"

"అయిదింటికి. నిరుడు జూన్‌లో, సెయింట్ ఆంథొనీ పండగ ముందు. అన్నింటికీ ఆ జెల్సొమీనోదే. ఆ మర్నాడే నేను నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నా. వేసవంతా ఆసుపత్రిలోనే. మా తమ్ముడు బత్తిస్తా లేకపోతే ఈ కొట్టం ఏమైపోయేదో! పైన కొండ మీద వాడి కొట్టం వాడికుంది. అయినా దిగొచ్చి నా పశువుల్ని చూసుకున్నాడు."

"అయిదింటిలో మూడింటికేగా కష్టమైంది?"

"మిగతా రెండూ ఇదిగో." రెండు పెయ్యలు నెమరేస్తూ తలలు తిప్పాయి. పక్కనే వాటి దూడలు గెంతుతున్నాయి. "దీనికి కాలు కుంటితే నిరుడు వేసవంతా కొట్టంలోనే ఉంచాం, తోడుగా దాన్ని కూడా. ఈ రెండూ మార్చి నెల మంగళవార్త పండగకు ముందే ఈనేశాయి. పొద్దున లేచి చూస్తే దూడలు నిలబడి ఉన్నాయి. ఏటి పక్క పచ్చికలో మేసిన మూడూ మాత్రం పండగ దాటినా కదల్లేదు. ఏప్రిల్ సగమయ్యాక మొదలైంది నరకం."

"అన్ని రోజులు ఆలస్యమా?"

"ఎక్కువ మోస్తే దూడ లావెక్కదా మరి! అది ఆబోతు లక్షణమేనమ్మా."

"పెయ్యల తుంటి ఇరుకేమో?"

ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు. "ఇదిగో, మా పశువుల తుంటి చూసి మాట్లాడండి! వీటి అమ్మలు నిలబడే ఈనాయి."

డెల్ఫినా నిజంగానే చూసింది. ఆ మూడింటిలో బతికున్న ఒక పెయ్య తుంటి ఎముకల మధ్య జానలు వేసి, కొట్టంలోని రెండింటికీ అలాగే వేసింది. తేడా లేదు.

"చలికాలంలో దాణా ఎక్కువ పెట్టారా?"

"దాణానా? గడ్డికే కరువొచ్చింది. నా డొక్కలే ఎండాయి."

"మీ ఇంట ఆబోతు ఉందా?"

"పదేళ్లుగా లేదు. మగపశువంటే మా తమ్ముడి ఎద్దు కోంతే ఒక్కటే. ఈ డిసెంబరులో కాకపోయినా పై డిసెంబరులో కర్రూ ఎద్దుల సంతలో మొదటి బహుమతి దానిదే. దాన్ని చూసి అసూయపడండి, అనుమానపడకండి!"

వాకిట్లో వ్యాను ఆగింది. సిల్వియో దిగాడు. బట్టతల, నోట్లో ఆగని మాట. ఇరేనే తనను అనుమానిస్తోందని అప్పటికే ఊరంతా అతనికి చెప్పేసింది.

"విత్తు దాచే నా నైట్రోజన్ క్యాన్ ఒకటే, వేసిన రోజు కూడా ఒకటే, గొట్టాల కట్టా ఒకటే" అన్నాడు. "అయిదింటికీ వరసగా వేశా. నేను మోసం చేసుంటే ఆ రెండింటికి పిల్లిపిల్లల్లాంటి దూడలు ఎందుకొస్తాయండీ?"

"చూలు నిలవకపోతే మళ్లీ వస్తారా?"

"పిలిస్తే వస్తా. మూడు వారాలకు ఎద తిరిగొస్తే కబురంపమని బత్తిస్తాకు చెప్పే వెళ్లా. కబురు రాలేదు. అయిదుకి అయిదూ మొదటిసారే నిలిచాయంటే నా చేతిని నేనే ముద్దుపెట్టుకున్నా. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు."

"ఆ ముద్దు కాస్త తొందరపాటేమో" అంది డెల్ఫినా మెల్లగా.

*

కొండదారి ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. బత్తిస్తా కొట్టం చీకటిగా, చల్లగా, శుభ్రంగా ఉంది. అతను అన్న కంటే పదేళ్లు చిన్న. చాలా పెద్ద శరీరం, అందులో చాలా చిన్న గొంతు. మోకాళ్ల మీద కూర్చుని ఒక దూడకు సీసాతో పాలు తాగిస్తున్నాడు. దూడ ఒంటి మీద మనిషి స్వెట్టరొకటి, చేతులు మడిచి కట్టి ఉంది.

"నెమ్మదిగా తాగరా. ఎవరూ లాక్కోరు" అంటున్నాడు.

వాళ్లను చూసి చప్పున లేచాడు. సీసా జారబోతే మాస్టారు అందుకుని దూడ నోటికి మళ్లీ అందించారు. దూడ ఆయన్ని కొత్త మనిషని కూడా చూడలేదు. దాని ముందుకాళ్ల ఎముకలు ఆయన మణికట్టు కంటే లావున్నాయి.

"తల్లిలేని పిల్ల. వియోలా కొడుకు" అన్నాడు బత్తిస్తా.

"అంటే జెల్సొమీనో కొడుకు కూడా కదా" అంది డెల్ఫినా. "శనివారం ఇదీ లారీ ఎక్కాలేమో."

"అది... చూద్దాంలెండి. అన్నయ్యతో మాట్లాడతా."

కొట్టం చివర ఉన్న పశువును చూడగానే మాస్టారు సీసా పట్టుకునే మెడ సాచి చూశారు. పాలమీగడ లాంటి ఒళ్లు, కొండచరియ లాంటి వీపు. మెడ మూపురంలా పొంగి, దాని మీదా మొహం మీదా మసి పూసినట్టు నల్లని వెంట్రుకలు. కోంతే ఆయన వైపు నిదానంగా తల తిప్పి, దొరతనంగా మళ్లీ గడ్డిలో ముంచేసింది.

డెల్ఫినా దాని మెడ మీద చెయ్యేసి కొంచెంసేపు ఉంచింది. "విత్తులు ఎప్పుడు కొట్టించారు?"

"చిన్నప్పుడే. ఏడాది నిండకముందే. మా సంఘం నియమం అదేగా. లేకపోతే సంతకు పంపనివ్వరు."

"ఎవరు కొట్టారు?"

"నేనే, పటకారుతో. మాకిది తాతల నాటి పని."

"నిరుడు వేసవిలో ఎక్కడ మేసింది?"

"ఏటి పక్క పచ్చికలో, అన్నయ్య పెయ్యలతోనే." బత్తిస్తా నవ్వబోయాడు. "ఎద్దే కదండీ."

"పెయ్యలు మళ్లీ ఎదకొచ్చాయా?"

"లేదు." జవాబు చాలా త్వరగా వచ్చింది. "రాలేదు. జెల్సొమీనోకే నిలిచాయి. ఆబోతుదే తప్పని అన్నయ్యకు మొదట చెప్పింది నేనే."

దూడ ఖాళీ సీసాను పొడుస్తోంది. అతను వంగి దాని చెవి వెనక గోకాడు. ఆ గోకడం చూస్తుంటే ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవడం మాస్టారికి కష్టమైంది.

కారు కొండ దిగుతోంది. డెల్ఫినా అడిగింది: "మాస్టారూ, గుమ్మంలోంచి బీరువా పట్టకపోతే తప్పు గుమ్మానిదా, బీరువాదా?"

"రెండింటిదీ కావచ్చు."

"కానీ గుమ్మం ఇరుకైనంత మాత్రాన బీరువా బరువెక్కదు కదా? ఆ దూడ కాళ్లు చూశారుగా."

"చూశాను. మరి బీరువా ఎవరు చేశారు? ఆ ఇంట్లో వడ్రంగే లేడు!"

"ఉన్నాడని ఊరందరికీ తెలుసు. వడ్రంగం మానేశాడని కూడా అందరికీ తెలుసు. ఎప్పుడు మానేశాడో మాత్రం ఒక్కడికే తెలుసు." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "నేను టొరినోలో పశువైద్యం ప్రొఫెసరుకు ఒక ఫోను చెయ్యాలి. ఆ తర్వాత లారీ డ్రైవరుతో కూడా మాట్లాడాలి."

*

శనివారం పొద్దున ఇరేనే వాకిట్లో లారీ నిలబడి ఉంది, వెనక పలక దించి. జెల్సొమీనో ముక్కుతాడు పట్టుకుని ఇరేనే నిలబడింది, వెనక వాడి మగ దూడలు కట్టేసి ఉన్నాయి. రాత్రి వాడికి ఒళ్లంతా బ్రష్షుతో దువ్వినట్టుంది, మెరుస్తున్నాడు. ఒరెస్తే, సిల్వియో వచ్చారు. అన్న ఆజ్ఞ మీద బత్తిస్తా దూడను నడిపించుకొచ్చాడు. స్వెట్టరు ఇంకా దాని ఒంటి మీదే ఉంది.

"కానివ్వండి" అన్నాడు ఒరెస్తే, ఇరేనే మొహం చూడకుండా. "నాకూ సరదా కాదు పిల్లా. మీ నాన్న నా స్నేహితుడు. కానీ వియోలాను నా చేతుల్తో పెంచాను."

"ఒక్క మాట" అంది డెల్ఫినా. "వియోలాను చంపిందెవరో తెలుసుకుని మరీ ఎక్కిద్దాం."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"దూడ లావుగా రావడానికి దారులు కొన్నే. దాణా కాదు, నిరుడు గడ్డి కూడా లేదు. తుంటీ కాదు, కొలిచినవాటన్నింటికీ ఒకే కొలత. పైగా ఇరుకు తుంటి ఈతను కష్టం చేస్తుందే గానీ దూడ ఎముకను లావు చెయ్యదు. మిగిలింది తండ్రి. సిల్వియో మోసం చేశాడా? అతని క్యాన్‌లోంచే వచ్చిన రెండు దూడలు పండగకు ముందే, నిద్రలో పడినట్టు పడ్డాయి. అదే జెల్సొమీనో లక్షణం. వాడి దూడలు చిన్నవెందుకు? నాలుగు రోజులు ముందే వస్తాయి కాబట్టి. ఇరేనే కొట్టంలోనూ అంతే."

"మరి నా మూడూ ఎక్కువ మోశాయిగా!" అన్నాడు ఒరెస్తే.

"మోయలేదండీ. అవి వాటి వేళకే ఈనాయి. మనం లెక్క మొదలుపెట్టిన రోజే తప్పు. పెయ్య మూడు వారాలకోసారి ఎదకొస్తుంది. వాటి ఆలస్యం కూడా ఇంచుమించు అంతే. సూది ఆ మూడింటికీ నిలవలేదు. మళ్లీ ఎదకొచ్చాయి. ఈసారి సిల్వియోకు కబురు వెళ్లలేదు. అయినా చూలు కట్టాయి. ఆ పచ్చికలో వాటితో ఉన్న మగపశువు ఒక్కటే."

సిల్వియో పకపకా నవ్వాడు. "కోంతేనా? అది ఎద్దండీ బాబూ!"

"ఇప్పుడు ఎద్దే. చిన్నప్పుడే విత్తులు కొట్టించిన ఎద్దుకు అలాంటి మెడ ఎక్కడైనా చూశారా? ఆ నలుపు చూశారా? అది ఆబోతుకు వయసొచ్చాక వచ్చే నలుపు. కొట్టించాక నెమ్మదిగా వెలిసిపోతుంది. కోంతేది ఇంకా వెలిసిపోలేదు. ఆబోతులా త్వరగా ఎదగాలి, ఎద్దులా కొవ్వు పట్టాలి. ఆ రెండూ కావాలనుకున్న మనిషి కొండ మీద, ఎవరి కంటా పడకుండా, చాలా ఆలస్యం చేశాడు. అన్న ఆసుపత్రిలో ఉన్న జూన్‌లో ఆ పని ముగించాడు. ముగించగానే పెయ్యల మధ్య వదిలాడు. ఎద్దే కదా అనుకున్నాడు. ఇక్కడ ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ పటకారు పడిన రోజే ఆబోతు ఎద్దు అయిపోదు. లోపల నిలవున్న విత్తు కొన్ని వారాలు బతికే ఉంటుంది."

ఒరెస్తే తమ్ముడి వైపు తిరిగాడు.

"బత్తిస్తా. అబద్ధమని చెప్పరా."

బత్తిస్తా నేల చూపులు చూశాడు. "జెల్సొమీనోదే అన్నయ్యా. ఈవిడ దగ్గర రుజువేముంది?"

"రక్తం తీసి టొరినో పంపితే తేలుతుంది" అంది డెల్ఫినా. "కానీ జవాబుకు వారాలు పడుతుంది. లారీ ఇవాళే ఉంది. సరే బత్తిస్తా గారూ, మీ మాటే నిజం. ఇది జెల్సొమీనో కొడుకే. నియమం ప్రకారం ఇదీ ఎక్కాలి. మాస్టారూ, ఆ స్వెట్టరు విప్పి ఆయనకిచ్చేయండి. కబేళాలో అక్కర్లేదు."

చెల్సో మాస్టారు దూడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆమె ఏం చేస్తోందో ఆయనకు తెలుసు. బొత్తాలు ఒక్కొక్కటే విప్పారు. దూడ పాలొస్తాయేమోనని ఆయన బొటనవేలు నోట్లో పెట్టుకుంది. డ్రైవరు తాడు అందుకుని పలక మీదికి నడిపించాడు. గిట్టలు చెక్క మీద టకటకలాడాయి. పైకెళ్లి, మెడ తిప్పి, బత్తిస్తా కోసం ఒక్కసారి అరిచింది.

"ఆపండి!"

అంత పెద్ద మనిషిలోంచి అంత పెద్ద గొంతు రావడం అందరూ వినడం అదే మొదటిసారి. బత్తిస్తా లారీ పలకకు అడ్డంగా నిలబడ్డాడు.

"అది కోంతే బిడ్డ. కోంతేకు ఇంకెప్పుడూ బిడ్డలుండరు. అదొక్కటే. తీసుకెళ్లకండి." రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "పెయ్యలు మళ్లీ ఎదకొచ్చాయి. సిల్వియోను పిలిస్తే కోంతేను చూసి కనిపెట్టేస్తాడని పిలవలేదు. చూలు కట్టినప్పుడే నాకు అర్థమైంది. సంతకోసం నోరు మూసుకున్నా అన్నయ్యా. వియోలా చచ్చిపోతుందని అనుకోలేదు."

ఒరెస్తే కర్ర మీద బరువు మోపాడు. "విరిగింది నా కాలురా. నీ నోరు కాదుగా" అన్నాడు. "ఇంకొకరి ఆబోతును చంపి నీ ఎద్దుకు దండ వేయిస్తావా? కోంతే ఏ సంతకూ వెళ్లదు. నువ్వు వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి ఇదంతా నీ నోటితో చెబుతావు." తర్వాత ఇరేనే దగ్గరికి కాలీడ్చుకుంటూ వెళ్లి టోపీ తీశాడు. "తప్పు నాదీ ఉంది పిల్లా. అడగకుండానే నమ్మాను. మీ నాన్న ఉంటే నన్ను ఏటిలో ముంచేవాడు."

"ముంచేవాడు బాబాయ్" అంది ఇరేనే. కళ్లు తుడుచుకోలేదు, రెండు చేతులూ ముక్కుతాడు మీదే ఉన్నాయి. జెల్సొమీనోను వెనక్కి తిప్పింది. కొట్టం గుమ్మం దాకా వెళ్లి ఆగింది. తిరిగి చూడకుండానే అంది: "బత్తిస్తా బాబాయ్, మీతో మాట్లాడాలంటే నాకింకా కొన్నాళ్లు పడుతుంది. కానీ ఆ దూడకు సీసా పాలు చాలవు. నా దగ్గర పాలెక్కువున్న ఆవుంది. పొద్దునా సాయంత్రం తోలుకురండి."

బత్తిస్తా దూడను లారీలోంచి ఎత్తి గుండెలకు హత్తుకుని దించాడు. స్వెట్టరు తొడగబోయి బొత్తాలు పట్టలేకపోతే మాస్టారే వెళ్లి పెట్టారు.

తిరుగుదారిలో హేజెల్‌నట్ తోటల మధ్య కారు పోనిస్తూ, చాలాసేపు ఆపుకున్న మాట ఆయన అడిగేశారు. "డెల్ఫినా గారూ, ఒకవేళ అతను నోరు విప్పకపోయి ఉంటే? నిజంగానే వాటిని పోనిచ్చేవారా?"

డెల్ఫినా కోటు జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి, అలాగే గతుక్కుమంది. ఆమె అరచేతిలో పెద్ద తాళంచెవి ఒకటి ఉంది. మాస్టారి కారుది మాత్రం కాదు.

"వెనక్కి తిప్పండి మాస్టారూ" అంది. "పాపం, ఆ లారీ డ్రైవరు ఇంకా అక్కడే ఉండుంటాడు."